కర్చీఫ్ ఎక్కడ వెయ్యాలి?

బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకునే జాతి మనది. కర్చీఫ్ లేకపోతే టవలు, టవలు లేకపోతే పుస్తకాల సంచి, అదీ లేకపోతే ఏకంగా చంటిపిల్లాడు. పొద్దున పూట మార్కాపురం నుంచి హైదరాబాదు వెళ్ళే బండైతే ఎడమవైపు కూర్చోవాలని, కుడివైపు కూర్చున్నవాడు మధ్యాహ్నానికి అప్పడంలా వేగిపోతాడని నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు. వెనక చక్రాల మీద సీటు ఎగరేస్తుందని తెలుసు, ఇంజను పక్క సీటు కాళ్ళు కాలుస్తుందని తెలుసు. తెలియక చస్తామా, మా నాన్న ఆర్టీసీ డ్రైవరు.

అలాంటి నేను 2024 ఏప్రిల్లో లాంగ్ బీచ్‌లో కార్ల రేసుకి తప్పు సీటు కొన్నాను. ఒకటి కాదు, రెండు. అదీ బాగా ఖరీదైన వాటిల్లో. రెండో సీటులో కూర్చున్నది సాక్షాత్తూ మా నాన్నే.

రేసులంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా కాసేపు ఓపిక పట్టండి. ఇది రేసు గురించి ఎంతో, మనం డబ్బు పెట్టి ఏం కొంటున్నామన్న దాని గురించీ అంతే.

ముందు లాంగ్ బీచ్ సంగతి. లాస్ ఏంజెలెస్‌కి దక్షిణాన ఉన్న ఓడరేవు పట్నం. ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ ట్రావెల్ ఏజెంటుగా స్థిరపడ్డ క్రిస్ పుక్ అనే ఆయన (అంటే మన బాపతే, వలస పక్షి) పట్టుబట్టి 1975లో ఊరి రోడ్ల మీద రేసు పెట్టించాడు. 1976 నుంచి 1983 దాకా అక్కడ ఫార్ములా వన్ నడిచింది. 1984 నుంచి ఇండీ కార్లు. ఇప్పుడున్న ట్రాకు 1.968 మైళ్ళు, పదకొండు మలుపులు. సముద్రం పక్కన షోర్‌లైన్ డ్రైవ్ అని పొడుగాటి రోడ్డు, దాని చివర మొదటి మలుపు, ఆ తరవాత అక్వేరియం దగ్గర ఓ ఫౌంటెన్ చుట్టూ తిరగడం, ఊళ్ళోకి దూరి కన్వెన్షన్ సెంటరు వెనక సీసైడ్ వే మీదుగా పరుగు, చివర్లో హెయిర్‌పిన్ బెండు, మళ్ళీ షోర్‌లైన్ డ్రైవ్. మామూలు రోజుల్లో మా అబ్బాయికి చేపలు చూపించడానికి నేను కారేసుకు తిరిగే రోడ్లే. ఏప్రిల్ వచ్చేసరికి రోడ్డుకి రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఎత్తుగా ఇనప వల, ఆ వెనక గొట్టాలతో కట్టిన గ్యాలరీలు లేస్తాయి.

ఇక్కడే ఓ విషయం అర్థం చేసుకోవాలి. రేసుల కోసమే కట్టిన ట్రాకులు వేరు. ఇదే కాలిఫోర్నియాలో లగూనా సెకా ఉంది. అది గుట్టల మధ్య ఉంటుంది. ఓ గడ్డి మిట్ట మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటే రెండు మూడు మలుపులు ఒకేసారి కనిపిస్తాయి. ఊళ్ళో వేసిన ట్రాకుకి ఆ సుఖం లేదు. నేల చదును. ఇటు హోటలు, అటు పార్కింగ్ గ్యారేజీ, మధ్యలో ఖర్జూరపు చెట్ల లాంటి తాళ్ళు. ఎక్కడ కూర్చున్నా కనిపించేది ఆ రెండు మైళ్ళలో ఓ ముక్క. టికెట్టు మీద రేసు పేరు రాసి ఉంటుంది గానీ మీరు కొంటున్నది ఆ ముక్కని. ఏ ముక్క కొంటారన్నదే అసలు ప్రశ్న.

నేను గీత కొన్నాను. అదేనండీ, స్టార్ట్ ఫినిష్ గీత. షోర్‌లైన్ డ్రైవ్ మీద, పిట్‌లకి ఎదురుగా.

ఎందుకు కొన్నానంటే, నిజం చెప్పాలి, నాన్న కోసం కాదు, నా కోసం. నాన్న 2014లో రిటైరయ్యారు. ఆర్టీసీని ప్రభుత్వంలో కలిపింది 2020లో, ఆయనకి అందలేదు. ఆయనకొచ్చే ఈపీఎఫ్ పింఛను ఎంతో చెబితే మీరు నమ్మరు, నెలకి ఓ మనిషి మందులకీ పాలకీ సరిపోతే గొప్ప. అలాంటి మనిషి ముప్ఫై రెండేళ్ళు బస్సు తోలి నన్ను చదివించాడు. మొదటిసారి అమెరికా వచ్చాడు. కొడుకు కన్సల్టెంటు, గంటకింతని బిల్లు చేస్తాడు. అలాంటప్పుడు 'ఇదిగో నాన్నా, మనది అన్నిటికన్నా మంచి సీటు' అనాలనిపించదూ? మనకి సినిమా హాలు అలవాటు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. డబ్బు పెరిగే కొద్దీ బొమ్మ బాగా కనిపిస్తుంది. చిన్నప్పుడు నాన్నతో ఎప్పుడూ బెంచీకే వెళ్ళాం. ఇప్పుడు బాల్కనీకి తీసుకెళ్ళాలని నా తాపత్రయం. రెండు టికెట్లూ కలిపితే ఆయన నెలల పింఛను. ఎంతయిందిరా అని అడిగితే, ఆఫీసు వాళ్ళు ఇచ్చారని అబద్ధం చెప్పాను.

రేసు మూడు రోజుల తంతు. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగు, ఆదివారం అసలు రేసు. శుక్రవారం నేను సెలవు పెట్టి నాన్నని తీసుకెళ్ళాను. గ్యాలరీలు ముప్పాతిక భాగం ఖాళీ. ఎక్కడ కూర్చున్నా అడిగే నాథుడు లేడు. నాన్న చేతిలో నిజంగానే తువ్వాలు ఉంది.

ముందు మన 'బాల్కనీ' చూపించాను. ఓ పావుగంట కూర్చున్నాం. కార్లు వచ్చాయి, పోయాయి. అంటే ఎలా? చెవులు చిల్లులు పడేలా ఓ అరుపు, కళ్ళ ముందు ఓ రంగు గీత, అంతే. నాన్న తల ఎడమ నుంచి కుడికి తిప్పడం, మళ్ళీ ఎడమకి తిప్పడం. పదిసార్లు తిప్పి మెడ రుద్దుకుంటూ అన్నారు:

"ఇదేందిరా, రైలుగేటు కాడ నిలబడ్డట్టుంది?"

నేను పిట్‌ల గురించి చెప్పాను. టైర్లు ఎన్ని సెకన్లలో మారుస్తారో చెప్పాను. ఆయన ఊఁ కొట్టి లేచారు. "పద, వంకర ఉన్న కాడికి పోదాం."

మోకాళ్ళ నొప్పులున్న మనిషిని తీసుకుని ట్రాకు చుట్టూ నడవడం అంటే ఏమిటో ఆరోజు తెలిసింది. ట్రాకు దాటాలంటే పాదచారుల వంతెనలు ఎక్కాలి. ఒక్కోదానికీ బోలెడన్ని మెట్లు, పైగా జనం. ఫౌంటెన్ దగ్గర కాసేపు ఆగాం. పూలు, నీళ్ళు, వాటి చుట్టూ తిరిగే కార్లు, ఫొటోలకి బ్రహ్మాండం. నాన్నకి నచ్చలేదు. "గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు పోతున్నారు, ఈడ ఒకణ్ణొకడు దాటేదేముంది?" అన్నారు. నిజమే, అక్కడ ఒకరి వెనక ఒకరు పోవడమే.

చివరికి హెయిర్‌పిన్ దగ్గరికి చేరాం. గ్యాలరీ పై వరసలో కూర్చున్నాం. నాన్న పులిహోర డబ్బా కూడా తియ్యలేదు. రెండు గంటలు అలా ముందుకి వంగి చూస్తూ ఉండిపోయారు.

మా నాన్న ఏళ్ళ తరబడి శ్రీశైలం బండి తోలారు. దోర్నాల దాటాక ఘాట్‌రోడ్డు ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. అక్కడి వంకరల్లో నిండు బస్సుని తిప్పడం ఆయన జీవితం. అందుకని ఆయనకి కనిపించింది నాకు కనిపించలేదు. నాకు కార్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి, అంతే. ఆయనకి ఒక్కొక్కడి చేతివాటం కనిపించింది. "వాడు చూడు, ముందే స్టీరింగు కోశాడు, బయటికొచ్చేటప్పటికి గోడకి దగ్గరైపోయాడు. ఈయన చూడు, లోపలికి ఆలస్యంగా వచ్చాడు, కానీ రోడ్డు మొత్తం వాడుకుని బయటికి తిన్నగా పోయాడు." ఇండీ కార్లకి పవర్ స్టీరింగు ఉండదని నేను చెప్పినప్పుడు మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది. "మాకూ లేదు కదరా ఆ రోజుల్లో!" అని పక్కనున్న తెల్లాయన వైపు చూసి నవ్వారు. ఆయనకేం అర్థమైందో, ఆయనా నవ్వాడు. కాసేపటికి ఇద్దరూ వేళ్ళు చూపించుకుంటూ ముచ్చట్లు పెట్టారు, ఒకరిది ఇంగ్లీషు, ఒకరిది తెలుగు.

ఆ రాత్రి నేను లెక్క వేశాను. కన్సల్టెంటుని కదా, ఎక్సెల్ తెరవకుండా నిద్ర పట్టదు. గీత దగ్గర కూర్చుంటే ఎదురుగా బాగా కనిపించేది మహా అయితే వంద మీటర్ల రోడ్డు. అంతకుమించి పక్కకి చూస్తే వల అడ్డం. ఎదురుగా చూసినప్పుడు వలలో సందులు కనిపిస్తాయి, ఏటవాలుగా చూస్తే తీగలన్నీ ఒకదాని మీదొకటి పడి చాప కట్టినట్టు అయిపోతుంది. దూరాన్నుంచి వచ్చే కారు అందుకే కనపడదు. ఇక అక్కడ కారు వేగం గంటకి 270 కిలోమీటర్లు అనుకుందాం. సెకనుకి 75 మీటర్లు. అంటే వంద మీటర్లు దాటడానికి 1.3 సెకన్లు. రేసు 85 ల్యాపులు. మీ అభిమాన డ్రైవరు మొత్తం రేసులో మీ కళ్ళ ముందు ఉండేది 113 సెకన్లు! రెండు నిమిషాలు కూడా లేదు. అదే హెయిర్‌పిన్ దగ్గర బ్రేకు వేసుకుంటూ రావడం, తిరగడం, మళ్ళీ తొక్కి బయటపడడం కలిపి ఓ ఎనిమిది సెకన్లు వేసుకున్నా 680 సెకన్లు, పదకొండు నిమిషాల పైమాట. నా అంచనాలు కొంచెం అటూ ఇటూ అయినా తేడా ఎంతో చూడండి. ఆరు రెట్లు. తక్కువ చూపించేదానికి ఎక్కువ డబ్బు కట్టానన్నమాట.

శనివారం టికెట్లు మార్చుకుందామని ప్రయత్నించాను. హెయిర్‌పిన్ దగ్గర పక్కపక్కన రెండు సీట్లు దొరకలేదు. దొరికిన ఒక్కటీ పై వరసలో మధ్యలో ఉంది, మెట్లు ఎక్కి పదిమంది కాళ్ళు దాటుకుని వెళ్ళాలి. నాన్నే వద్దన్నారు. "ఇచ్చినోళ్ళు ఏమనుకుంటారు, ఆడే కూర్చుందాం లే." నా అబద్ధం నా మెడకే చుట్టుకుంది.

ఆదివారం, ఏప్రిల్ 21. గీత ఎదురుగా కూర్చున్నాం. మొదటి అయిదు నిమిషాలు బాగుందని ఒప్పుకోవాలి. పచ్చజెండా ఊపగానే ఆ గుంపంతా ఒక్కసారి మీద పడ్డట్టు వస్తే ఒళ్ళు జలదరించింది. తరవాత మళ్ళీ రైలుగేటు.

అయినా ఆరోజు రేసు నాన్న కోసమే రాసిపెట్టినట్టు ఉంది. స్కాట్ డిక్సన్ అనే ఆయన ఉన్నాడు, న్యూజీలాండు మనిషి, నలభై మూడేళ్ళు. రేసు మొదట్లో ఒకడు గోడకి కొట్టుకుని పసుపు జెండా పడగానే పిట్‌లోకి వచ్చి ఇంధనం పట్టించుకున్నాడు. ఇక ఇంకొక్కసారి మాత్రమే ఆగి రేసు పూర్తి చెయ్యాలని పట్టు. అందరూ తొక్కుతుంటే ఈయన పొదుపు చేసుకుంటూ ముందు నిలబడాలి. పొదుపు అంటే మలుపు ఇంకా దూరంగా ఉండగానే కాలు తీసేసి, కారుని దాని ఊపు మీద పోనిచ్చి, అప్పుడు బ్రేకు వెయ్యడం. ఇది నాన్నకి చెప్పగానే ఆయన నా వైపు ఎంత జాలిగా చూశారంటే...

"అది నాకు చెబుతావేందిరా? కేఎంపీఎల్!"

ఆర్టీసీ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ నాలుగక్షరాలు అ ఆ ల కంటే ముందు వస్తాయి. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చావన్నది ప్రతి డ్రైవరు పేరు పక్కనా రాస్తారు. బాగా తెచ్చినవాడికి మెప్పు, తేనివాడికి ట్రైనింగు. ఆయిలు మిగల్చడం ఎలాగన్న దాని మీద మా ఇంట్లో జరిగినన్ని చర్చలు నా పెళ్ళి గురించి కూడా జరగలేదు. అప్పట్నుంచి నాన్నకి తొమ్మిదో నంబరు బండి తన డిపో బండి అయిపోయింది. నేను రేడియో చెవిలో పెట్టుకుని కామెంటరీ తెలుగులో చెప్పడం, ఆయన ప్రతి ల్యాపుకీ తొమ్మిది వచ్చిందా లేదా అని లెక్కపెట్టడం.

రేసు చివరికొచ్చింది. డిక్సన్ ముందు. ఆయన్ని తరుముతూ జోసెఫ్ న్యూగార్డెన్, ఇంధనం గొడవ లేకుండా తొక్కుకుంటూ వస్తున్నాడు. వాడి వెనక కోల్టన్ హెర్టా. ఇంకా పది ల్యాపులు కూడా లేవు. దాటేస్తాడు, ఇప్పుడు దాటేస్తాడు అని గ్యాలరీ అంతా లేచి నిలబడింది. మా ముందు నుంచి ముగ్గురూ ఒకరి తోక ఒకరు పట్టుకున్నట్టు పోయారు. మళ్ళీ వస్తారని చూస్తున్నాం. అప్పుడు దూరంగా, అవతల, ఓ పెద్ద 'ఓహ్' వినిపించింది. వేలమంది ఒక్కసారి అన్నట్టు. మాకు ఏమీ కనపడలేదు. తొమ్మిది వచ్చింది, దాని వెనక రావాల్సిన కారు రాలేదు, ఇంకెవరో వచ్చారు. అటూ ఇటూ చూసి తెర మీద రీప్లే చూశాం.

హెయిర్‌పిన్‌లో. సరిగ్గా శుక్రవారం మేం కూర్చున్న చోట ముందు. న్యూగార్డెన్ కారు వెనక భాగాన్ని హెర్టా కారు ముక్కు తాకింది. న్యూగార్డెన్ కారు ఊపు పోయి దాదాపు ఆగినంత పనయింది, ఆ లోపల ఇద్దరు దాటి వెళ్ళిపోయారు. డిక్సన్ గెలిచాడు, హెర్టా రెండు, పాలౌ మూడు, న్యూగార్డెన్ నాలుగు.

డిక్సన్ గీత దాటుతుంటే మేం చూశాం. సరిగ్గా మా ఎదురుగానే దాటాడు. నాన్న చప్పట్లు కొట్టారు. కొట్టి, కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మెల్లిగా అన్నారు:

"ముందువాడు మామూలుగా కన్నా ముందే బ్రేకేశాడా, వెనకోడు లేటుగా వేశాడా? ఆ టీవీలో ఎట్టా తెలుస్తుంది? ఆడ ఉంటే నేను చెప్పేవాణ్ణి."

నిజంగా చెప్పేవారు. నాకు అందులో ఏ అనుమానమూ లేదు. ముప్ఫై రెండేళ్ళు ముందు పోయే లారీ ఎక్కడ బ్రేకు వేస్తాడో చూస్తూ బతికిన మనిషి. శుక్రవారం రెండు గంటలు కూర్చుని ఎవడు ఎక్కడ కాలు తీస్తాడో బట్టీ పట్టిన మనిషి. ఆ ఒక్క క్షణం గురించి ఆ జనంలో అందరికంటే బాగా తీర్పు చెప్పగలిగినవాణ్ణి తీసుకెళ్ళి, అది కనపడని చోట, ఎక్కువ డబ్బు కట్టి కూర్చోబెట్టాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ నోరు జారింది, టికెట్ల ధర బయటపడింది. నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదరా ఏ సీటు మంచిదో" అన్నారు, అంతే. అవును, అడగలేదు. బస్సు సీట్ల గురించి అంత తెలిసిన మనిషిని రేసు సీటు గురించి ఒక్క మాట అడగాలని నాకు తోచనే లేదు. ఇది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

సరే, నా గోల అలా ఉంచి, ఊరి రోడ్ల మీద రేసుకి వెళ్ళాలనుకునేవాళ్ళకి నా వాదన ఇది. గీత దగ్గర కొనకండి. కార్లు పొడుగాటి రోడ్డు మీద బాగా వేగం అందుకుని, గట్టిగా బ్రేకు వేసి నెమ్మదించాల్సిన చోటు ఏదో మ్యాపులో వెతకండి. దాటడాలు అక్కడే, పొరపాట్లు అక్కడే. లాంగ్ బీచ్‌లో దాటడాలే కావాలనుకుంటే షోర్‌లైన్ డ్రైవ్ చివర మొదటి మలుపు హెయిర్‌పిన్ కంటే మెరుగు, అది ఒప్పుకుంటాను. కానీ అక్కడ వేగం ఎక్కువ, రెప్ప వేస్తే అయిపోతుంది. డ్రైవరు పని చూడాలంటే మాత్రం నెమ్మదైన మలుపే. ఆ రోడ్డు చివర బ్రేకులకి ఎంత విలువుందో పాతవాళ్ళకి తెలుసు. 1976లో అక్కడ జరిగిన మొదటి ఫార్ములా వన్ రేసు గెలిచిన క్లే రెగజోనీయే 1980లో షోర్‌లైన్ డ్రైవ్ చివర బ్రేకులు పనిచెయ్యక గుద్దుకుని, నడుం కింద చచ్చుబడి జీవితాంతం చక్రాల కుర్చీలో ఉండిపోయాడు. ఇది చెప్పినప్పుడు నాన్న రెండు చేతులూ చెవులకి ఆనించుకుని దణ్ణం పెట్టారు. ఘాట్‌రోడ్డు తోలినవాళ్ళ ముందు బ్రేకు ఫెయిలన్న మాట అనకూడదు.

ఇంకా చిన్న విషయాలున్నాయి, చిన్నవి అనుకుంటాం గానీ అవే రోజు మొత్తాన్ని చెడగొడతాయి. కింది వరసలు వద్దే వద్దు, ఎంత దగ్గరైనా. కాంక్రీటు దిమ్మె, ఇనప వల తప్ప కారు కనపడదు. పై వరసలు మంచివే, కానీ పెద్దవాళ్ళు వెంట ఉంటే మెట్ల పక్క సీటు ఉండాలి, బాత్రూములు ఎంత దూరమో ముందే చూసుకోవాలి. ఎదురుగా పెద్ద తెర ఉందా లేదా అన్నది మలుపంత ముఖ్యం. మిగతా రెండు మైళ్ళ కథ దాన్లోనే తెలియాలి. మీ గ్యాలరీ ట్రాకుకి లోపలి వైపా బయటి వైపా అన్నది చూసుకోండి, లేకపోతే ప్రతి కాఫీకీ ఓ వంతెన ఎక్కాలి. మధ్యాహ్నం తరవాత సూర్యుడు పడమటికి దిగుతాడు, మీ మొహం అటుండకూడదు. ఇది మన బస్సు శాస్త్రమే. చెవుల్లో పెట్టుకునేవి ఇంటి నుంచే తీసుకెళ్ళండి. అన్నిటికంటే ముందు, వీలైతే శుక్రవారం వెళ్ళి నాలుగు చోట్లా కూర్చుని చూడండి.

సింగపూర్లో ఉన్న మా స్నేహితుడొకడు ఈ వాదన ఒప్పుకోడు. "మలుపు దగ్గర కూర్చుంటే అంతా తెలుస్తుందనుకోకు" అంటాడు. వాడి ఉదాహరణ గట్టిదే. 2008లో సింగపూర్లో ఫార్ములా వన్ మొదటి రాత్రి రేసు జరిగింది. నెల్సన్ పికే జూనియర్ పదిహేడో మలుపు దగ్గర గోడకి కొట్టుకున్నాడు, ఆ గందరగోళంలో అదే టీము వాడు అలోన్సో గెలిచాడు. టీము వాళ్ళే కావాలని గుద్దమన్నారన్న సంగతి 2009లో గానీ బయటపడలేదు. అంటే ఆ రాత్రి ఆ మలుపు దగ్గర డబ్బు కట్టి కూర్చున్నవాళ్ళు కళ్ళారా చూశారు, చూసి ప్రమాదం అనుకుని ఇంటికెళ్ళారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నాన్నని అడిగితే మాత్రం "నేనుంటే కనిపెట్టేవాణ్ణి" అన్నారు. ఆయన్ని పట్టలేం.

గీత పక్షాన కూడా న్యాయంగా ఓ మాట చెప్పాలి. మొదలు చూడాలన్నా, పిట్‌లో మనుషులు చేసే పని చూడాలన్నా అదే చోటు. జీవితంలో ఒక్కసారే వెళ్ళేవాళ్ళకి అదే కావాలంటే నేను కాదనను. కానీ మీ పిట్ ఎదురుగా ఎవరి కారు ఆగుతుందో మీ అదృష్టం. మా ముందు తొమ్మిదో నంబరు ఆగలేదు.

2025 ఏప్రిల్లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి హెయిర్‌పిన్, పై వరస, మెట్ల పక్కన, ఎదురుగా తెర, వీపుకి ఎండ. నాన్న రాలేదు. మోకాలి ఆపరేషను అయింది, అంతసేపు విమానంలో కూర్చోవద్దని డాక్టరు అన్నాడు. నాతో మా అబ్బాయి వచ్చాడు. కైల్ కిర్క్‌వుడ్ మొదటి స్థానంలో బయల్దేరి గెలిచేశాడు. మా ముందు ఎవరూ ఎవర్నీ గుద్దలేదు, ఎవరూ ఆగిపోలేదు. మా వాడికి సగంలోనే విసుగొచ్చి నాచోస్ అడిగాడు. నేను మాత్రం నాన్న చెప్పినట్టు ఒక్కొక్కడి చెయ్యీ చూస్తూ కూర్చున్నాను. ఎవడు ముందే కోస్తున్నాడో, ఎవడు రోడ్డు మొత్తం వాడుకుంటున్నాడో. ఓ ముప్ఫై ల్యాపుల తరవాత కొంచెం కనపడ్డం మొదలైంది.

ఆ రాత్రి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్నే, కాఫీ తాగుతున్నారు.

"యాడ కూర్చున్నావు?"

"హెయిర్‌పిన్ దగ్గర నాన్నా."

"తొమ్మిదో బండి ఎట్టా తిరిగింది ఆడ?"

చెప్పాను. నాకు కనిపించింది కనిపించినట్టు చెప్పాను. రెండుచోట్ల ఆపి, స్టీరింగు ముందు తిప్పాడా, కాలు ముందు తీశాడా అని అడిగారు. ఒకదానికి జవాబు చెప్పగలిగాను, ఒకదానికి లేదు. "మళ్ళీ చూడు" అన్నారు.

ఇప్పుడు మోకాలు బాగానే ఉందిట, పొద్దున్నే వీధి చివరి దాకా నడుస్తున్నారుట. ఈసారి టికెట్లు కొనేముందు ఆయనకి గ్యాలరీ మ్యాపు వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులు చూసి, పై నుంచి మూడో వరస, మెట్ల పక్కన అని ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి, దాన్ని ఫొటో తీసి పంపారు. మూడు కొన్నాను. ధర నిజమే చెప్పాను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.